ఏడుగురి మేళం: హాట్ జాజ్ చరిత్రలో శ్రమ, సొత్తు

1

జాజ్ సంగీతం గూర్చి అభ్యుదయవాదులలో చిరకాలంగా రెండు అభిప్రాయాలు చలామణిలో ఉన్నవి. ధనికుల హోటళ్ళలో తాగుడుకూ తైతక్కలకూ తోడుగా పెరిగిన పతనసంస్కృతి ఇది అన్నది ఒకటి. బానిసత్వంలో నలిగిన నల్లజాతి ప్రజల గుండెలలోనుంచి, కొండలో ఊట పుట్టినట్లు, తనంత తాను పుట్టుకువచ్చిన సంగీతం ఇది అన్నది రెండవది. మొదటిది నింద, రెండవది స్తుతి. రెంటిలోనూ ఉన్న లోపం మాత్రం ఒక్కటే అని నా వాదం. ఈ సంగీతాన్ని తయారుచేసిన మనిషి పనిచేస్తూ ఉండగా చూడాలన్న ఆసక్తి ఆ ఇద్దరికీ లేదు.

మొదటి అభిప్రాయానికి పెద్దల ఆమోదం ఉన్నది. 'అమ్మ' నవల వ్రాసిన గోర్కీయే 1928 ఏప్రిల్‌లో 'ప్రావ్దా' పత్రికలో జాజ్‌ను దుయ్యబట్టాడు. ఆయన అప్పుడు ఇటలీలోని సొరెంటోలో ఉన్నాడు. రాత్రివేళ పక్క హోటల్ రేడియోలో వినిపించిన మోత, లావెక్కిన ధనికుల ఆటపాటలకు సరిపడిన సంగీతంగా ఆయనకు తోచింది. 1936లో జర్మన్ తత్త్వవేత్త అడోర్నో మరొక మార్గాన బయలుదేరి, ఇంచుమించు అంతే కఠినమైన తీర్పు చెప్పాడు. మార్క్సిస్టులందరూ ఇలా అన్నారనుకోరాదు. అమెరికాలో సిడ్నీ ఫింకెల్‌స్టయిన్ 1948లోనూ, ఇంగ్లండులో చరిత్రకారుడు హాబ్స్‌బామ్ మారుపేరుతో 1959లోనూ జాజ్‌ను సమర్థిస్తూ గ్రంథాలు ప్రకటించారు.

మనదేశంలో మొదటి అభిప్రాయం బలపడటానికి తగిన కారణం లేకపోలేదు. జాజ్ మన గడప తొక్కింది ముఖ్యంగా పెద్ద హోటళ్ళ ద్వారానే. షికాగోలో పేరు తెచ్చుకున్న నల్లజాతి పియానో వాద్యకారుడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ 1926లో ఆసియాకు బయలుదేరి, షాంఘైలోనూ, ఆపైన బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌లోనూ, కలకత్తా గ్రాండ్ హోటల్‌లోనూ వాయించి, 1945లో కలకత్తాలోనే కలరాతో మరణించాడు. ఆయన ముందు కూర్చున్నవారు దొరలు, సంస్థానాధీశులు, షావుకార్లు, యుద్ధకాలంలో సైనికులు. కాని శ్రోత ఎవడో చూచి సంగీతపు వర్గస్వభావాన్ని తేల్చడం తొందరపాటు. జమీందారు కొలువులో పాడినంతమాత్రాన త్యాగరాజ కృతి జమీందారీ సంగీతం అవుతుందా?

ఈ వ్యాసంలో నేను ఎక్కువగా చర్చించదలచింది రెండవ అభిప్రాయాన్ని. ఎందుకంటే అది మన చెవికి ఇంపుగా ఉంటుంది. ప్రజాకళ అంటే ప్రజలలోనుంచి సహజంగా పుట్టేది అని మనం పాఠాలలో చెబుతాము, పరీక్షలలో వ్రాయిస్తాము. ఆ 'సహజం' అన్న మాటలో ఎంత మోసం ఇమిడిఉన్నదో ఒక్క మేళం చరిత్ర ద్వారా చూపుతాను. ఆ మేళం పేరు రెడ్ హాట్ పెప్పర్స్. మన మాటలలో చెప్పాలంటే ఎర్రటి ఘాటు మిరపకాయలు. దాని నాయకుడు జెల్లీ రోల్ మోర్టన్. ఏడుగురు వాద్యకారులతో 1926 సెప్టెంబరు 15న షికాగోలో విక్టర్ కంపెనీకి మొదటి పాటలు రికార్డు చేశాడు.

2

న్యూ ఆర్లియన్స్ మిస్సిసిపీ నది మీది రేవుపట్టణం. ఫ్రెంచివారూ, స్పెయినువారూ ఏలిన తర్వాత 1803లో అమెరికా చేతికి వచ్చింది. అక్కడ తెల్లవారికీ, నల్లవారికీ నడుమ క్రియోల్ అనే మిశ్రజాతి వర్గం ఒకటి ఉండేది. అంతర్యుద్ధానికి ముందే వారిలో చాలామంది బానిసలు కారు. ఫ్రెంచి మాట్లాడేవారు. తాపీపని, చుట్టలు చుట్టడం, దర్జీపని వంటి చేతివృత్తులలో స్థిరపడినవారు. పిల్లలకు వయొలిన్, క్లారినెట్ శాస్త్రోక్తంగా నేర్పించేవారు. స్వరలిపి చదవడం వారి ఇళ్ళలో చదువులో భాగం.

ఈ వర్గం కాళ్ళకింది నేల 1890లో కదిలింది. ఆ సంవత్సరం లూయిసియానా శాసనసభ రైళ్ళలో తెల్లవారికీ, నల్లవారికీ వేరువేరు పెట్టెలు ఉండాలని చట్టం చేసింది. ఆ చట్టాన్ని ఎదిరించడానికి హోమర్ ప్లెస్సీ అనే క్రియోల్ 1892లో తెల్లవారి పెట్టెలో ఎక్కి అరెస్టు అయ్యాడు. ఆ వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 1896లో, విడిగా ఉంచినా సమానంగా చూస్తే చాలునని తీర్పు చెప్పి, అమెరికా అంటరానితనానికి అరవై ఏళ్ళ ఆయుష్షు పోసింది. అంతవరకు తాము నల్లవారము కామనుకున్న క్రియోల్‌లు ఒక్క కలంపోటుతో నల్లవారయ్యారు.

సంగీతానికి దీనితో ఏమి సంబంధం అని పాఠకులు అడగవచ్చు. సంబంధం చాలా ఉన్నది. తెల్లవారి కొలువులు పోగొట్టుకున్న క్రియోల్ వాద్యకారుడు, ఊరి ఎగువభాగంలో కూలినాలి చేసుకుంటూ చెవితో నేర్చిన నల్లజాతి వాద్యకారుడితో ఒకే బల్లమీద కూర్చోవలసి వచ్చింది. ఒకరికి స్వరలిపి వచ్చు, ఇంకొకరికి బ్లూస్ వచ్చు. వారిద్దరూ వెంటనే సోదరులైపోయారని చెప్పడం అబద్ధం. పోటీలు, తిట్లు, తక్కువచూపు చాలాకాలం నడిచినవి. అయినా ఆ బలవంతపు సహవాసంలోనుంచే కొత్త వాద్యపద్ధతి ఒకటి తయారైంది.

దీని ఆర్థికపు పునాదిని కూడా గమనించాలి. ఆ పట్టణపు నల్లజాతి పేదలు పరస్పర సహాయ సంఘాలు పెట్టుకున్నారు. నెలనెలా చందా కడితే జబ్బుపడినప్పుడు వైద్యమూ, చనిపోయినప్పుడు బాజాలతో అంతిమయాత్రా సంఘమే చూచేది. శ్మశానానికి పోయేటప్పుడు విషాదపు నడక, తిరిగివచ్చేటప్పుడు ఉత్సాహపు నడక. ఊరేగింపు మేళాలకు కూలి ముట్టింది ఈ చందాల పైసలలోనుంచే. మరొక పక్క 1897నుంచి 1917వరకు నగరపాలకులే హద్దులు గీచి నడిపించిన వేశ్యావాటిక ఉండేది. అక్కడి ఇళ్ళలో పియానో వాయించేవాడికి మంచి ముడుపులు దొరికేవి. సంఘాల వీధి, సానివాడల గది, ఈ రెండూ జాజ్‌కు బడులే. ఒకదానిని గొప్పచేసి ఇంకొకదానిని దాచడం చరిత్ర కాదు.

మోర్టన్ ఈ రెంటిలోనూ చదువుకున్నాడు. అసలు పేరు ఫెర్డినాండ్ లమోత్. క్రియోల్ కుటుంబంలో 1890లో పుట్టాడని బాప్తిస్మపత్రం చెబుతున్నది. తాను మాత్రం 1885 అనేవాడు. చిన్నతనంలోనే సానిళ్ళలో పియానో వాయిస్తున్నాడని తెలిసి పెద్దలు ఇంటినుంచి వెళ్ళగొట్టారని ఆయనే చెప్పాడు. ఆపైన దేశద్రిమ్మరి అయ్యాడు. జూదం, బిలియర్డ్ బల్లలమీద పందేలు, ఊరూరా తిరిగే వినోద ప్రదర్శనలు, వీటన్నిటి నడుమ పియానో. 1915లో షికాగోలో ఆయన 'జెల్లీ రోల్ బ్లూస్' అచ్చయింది. జాజ్ రచన కాగితం మీద అచ్చుపడటానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

3

1916 ప్రాంతాలనుంచి దక్షిణాది పత్తిపొలాలు వదలి నల్లజాతి ప్రజలు ఉత్తరాది కర్మాగారాలకు తరలిపోసాగారు. షికాగోలో వారి జనాభా 1910లో 44 వేలు. 1920కి 1 లక్షా 9 వేలు. 1930కి 2 లక్షల 34 వేలు. పశువులను కోసే ప్యాకింగ్ ఫ్యాక్టరీలు, ఉక్కు కర్మాగారాలు వారిని పిలిచినవి. కాని నగరం వారిని ఆదరించలేదు. 1919 వేసవిలో జరిగిన జాతికల్లోలంలో 38 మంది చనిపోయారు. వారిలో 23 మంది నల్లవారు.

ఈ కార్మికుల చేతిలో వారంవారం కూలిడబ్బులు ఆడటంతో నగరపు దక్షిణభాగంలో నృత్యశాలలు, నాటకశాలలు లేచినవి. న్యూ ఆర్లియన్స్ వాద్యకారులు కూడా రైలెక్కారు. మొదట కింగ్ ఆలివర్, 1922లో అతడు పిలిపించగా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చారు. 1923లో ఆలివర్ మేళమూ, మోర్టనూ కూడ ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ అనే చిన్న ఊళ్ళో గెన్నెట్ కంపెనీకి రికార్డులు ఇచ్చారు. ఆ కంపెనీ రైలుపట్టాల పక్కన ఉండేది. అదే కంపెనీ డబ్బు తీసుకుని కూ క్లక్స్ క్లాన్‌కు కూడ రికార్డులు ముద్రించి ఇచ్చేది. పెట్టుబడికి పాటలో ద్వేషం ఉన్నదా, బ్లూస్ ఉన్నదా అన్న పట్టింపు లేదు.

కార్మికోద్యమం గూర్చి కూడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. షికాగోలో వాద్యకారుల యూనియన్‌కు రెండు శాఖలుండేవి: తెల్లవారికి 10వ నంబరు, నల్లవారికి 208వ నంబరు. ఈ రెండూ ఒకటైనది 1966లో.

'హాట్' అన్న మాట అర్థం ఇక్కడ చెప్పడం అవసరం. ఆ రోజులలో నృత్యమేళాలను మెత్తని మేళాలు, ఘాటు మేళాలు అని విడదీసేవారు. మెత్తని మేళంలో వయొలిన్‌లు, నునుపైన పాట, మర్యాదగల హోటల్. ఘాటు మేళంలో తాళం ముందుకు తోస్తుంది, కొమ్మువాద్యం గొంతు చించుకుంటుంది, వాద్యాలు ఒకదానిమీద ఒకటి ఎగబడతవి. పాల్ వైట్‌మన్ అనే తెల్లజాతి మేళనాయకుడు 1924 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో కచేరీ పెట్టి, జాజ్‌కు స్నానం చేయించి పెద్దమనుషుల ముందు నిలబెట్టానని పేరు తెచ్చుకున్నాడు. మెత్తని మేళానికి రచయిత ఉంటాడు, కాగితం ఉంటుంది, ఆలోచన ఉంటుంది. ఘాటు మేళానికి రక్తంలో వేడి తప్ప మరేమీ అక్కరలేదు అన్న నమ్మకం ఈ విభజన వెనుక ఉన్నది. రెడ్ హాట్ పెప్పర్స్ రికార్డులు ఈ నమ్మకాన్ని తలకిందులు చేస్తవి.

4

ఆనాటి ఏడుగురు వీరు: కార్నెట్ జార్జ్ మిచెల్, ట్రాంబోన్ కిడ్ ఓరీ, క్లారినెట్ ఓమర్ సిమియన్, బాంజో జానీ సెంట్ సిర్, బాస్ జాన్ లిండ్సే, డ్రమ్ములు ఆండ్రూ హిలేర్, పియానో మోర్టన్. ఓరీ, సెంట్ సిర్‌లు ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ మేళంలో అంతకుముందే, 1925 నవంబరునుంచే, రికార్డులు చేస్తున్నవారు. వీరిలో కొందరు స్వరలిపి బాగా చదవగలవారు. కొందరు చెవితోనే పట్టుకునేవారు.

మొదటిరోజు వాయించిన 'బ్లాక్ బాటమ్ స్టాంప్' మోర్టన్ సొంత రచన. రికార్డు నిడివి మూడు నిమిషాలకు కొద్దిగా ఎక్కువ. పెన్సిలు పట్టుకుని పలుమార్లు విని నేను దీని కట్టడాన్ని లెక్కవేశాను. విద్వాంసుల విశ్లేషణలతో సరిపోల్చుకున్నాను. నాలుగు దెబ్బల కొలతను ఒక బార్ అంటారు. ముందు 8 బార్ల ఎత్తుగడ. తర్వాత 16 బార్ల మట్టు మూడుసార్లు: మొదట మేళమంతా, రెండవసారి కార్నెట్ నాలుగు బార్లు అడిగితే మేళం నాలుగు బార్లు జవాబు చెబుతుంది, మూడవసారి క్లారినెట్. ఆపైన 4 బార్ల వంతెన దాటి శ్రుతి మారుతుంది. ఇక్కడ 20 బార్ల రెండవ మట్టు మొదలై ఏడు చుట్లు తిరుగుతుంది. మొదటి చుట్టు అందరూ కలిసి. రెండవది క్లారినెట్. మూడవది పియానో ఒంటరిగా. తక్కిన తాళవాద్యాలన్నీ నోరు మూసుకుంటవి. నాలుగవది కార్నెట్, మేళం దానికింద తెంపుతెంపుగా దెబ్బలు మాత్రం వేస్తుంది. అయిదవది బాంజో. చివరి రెండు మళ్ళీ అందరూ. ఆఖరు చుట్టులో డ్రమ్ము రెండవ, నాలుగవ దెబ్బలమీద విరుచుకుపడుతుంది. రెండు బార్ల ముక్తాయింపుతో ముగింపు. మొత్తం 202 బార్లు.

ఒకే మట్టు ఏడుసార్లు వస్తున్నది, ఏ రెండుసార్లూ ఒకే అమరిక లేదు. మన కృతిలో పల్లవిని సంగతి తర్వాత సంగతిగా పెంచుకుపోయే పద్ధతి తెలిసినవారికి ఈ తర్కం వెంటనే బోధపడుతుంది. ఇక్కడ సంగతులు గొంతు మార్పుతో కాక వాద్యాల కూర్పు మార్పుతో పెరుగుతున్నవి. రెండవ మట్టులో పలు చుట్లలో ఏడు, ఎనిమిది బార్లవద్ద 'బ్రేక్' ఉన్నది. అంటే మేళమంతా ఠక్కున ఆగిపోయి, ఒక వాద్యం ఆ రెండు బార్లూ నిరాధారంగా దాటాలి. బ్రేకులు లేనిదే జాజ్ లేదనీ, మూలమట్టు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉండాలనీ మోర్టన్ సిద్ధాంతం. ఆయనకు వ్యాకరణం ఉన్నది. ఆ వ్యాకరణాన్ని మాటలలో చెప్పగల శక్తీ ఉన్నది.

సెప్టెంబరు 21న రికార్డు చేసిన 'డెడ్ మాన్ బ్లూస్' మరొక తరహా. అందులో న్యూ ఆర్లియన్స్ అంతిమయాత్ర మూడు నిమిషాల బొమ్మగా వస్తుంది. ముందు హాస్యపు సంభాషణ, తర్వాత శవయాత్ర నడక, ఆపైన బ్లూస్ చుట్లు. నడుమ ఇంకా ఇద్దరు క్లారినెట్ వాద్యకారులను తెచ్చి మూడు క్లారినెట్లచేత మెల్లగా ఒక చిన్న మట్టు వాయించాడు. రెండవసారి దానికింద ట్రాంబోన్ వేరే మాట మాట్లాడుతుంది. చందాలు కట్టి చావుకు బాజా సంపాదించుకున్న పేదల ఆచారం ఇక్కడ రచనగా మారింది. ముందున్న హాస్యాన్ని నేను సమర్థించను. నల్లవాడు మాట్లాడితే నవ్వు పుట్టాలని కోరిన బజారుకు అది కట్టిన సుంకం. 1927లో మేకల అరుపులు, హైనా నవ్వులు పెట్టి చేసిన పాటలలో ఆ సుంకం ఇంకా పెరిగింది.

ఈ కట్టడం స్టూడియోలో అప్పటికప్పుడు పుట్టలేదు. ముందు రోజులలో కూర్చుని సాధన చేశారనీ, ఆ సాధనకు కూడ డబ్బు ముట్టిందనీ సిమియన్ తర్వాత చెప్పాడు. తాను కోరినట్లు వచ్చేవరకు మోర్టన్ ప్రతి పాటనూ వదిలేవాడు కాదని 1927లో డ్రమ్ము వాయించిన బేబీ డాడ్స్ జ్ఞాపకం. విడిగా వాయించే చోట మాత్రం వాద్యకారుడి బుద్ధికే వదిలేవాడు. దీనికి రికార్డులే సాక్ష్యం. 'సైడ్‌వాక్ బ్లూస్', 'డెడ్ మాన్ బ్లూస్'లకు ఒకటికంటె ఎక్కువ వాయింపులు దక్కినవి. పోల్చి వింటే అమరిక కదలదు. విడిగా వాయించే భాగాల వివరాలు మారుతవి. మన కచేరీలో కల్పనస్వరం వేసే విద్వాంసుడికి ఎంత స్వేచ్ఛ ఉన్నా ఎత్తుగడ చోటికి తిరిగివచ్చి తీరాలి కదా. మనోధర్మం అంటే నియమం లేకపోవడం అని మన సంగీతంలో ఎవరూ అనరు. నల్లజాతి వాద్యకారుడి విషయంలో మాత్రం అది ప్రకృతి వరం, పూనకం, రక్తగుణం అయిపోయింది.

5

ఈ 'సహజప్రతిభ' సిద్ధాంతం కేవలం అజ్ఞానం అయితే ఇంత చర్చ అవసరం లేదు. దానివల్ల కొందరికి డబ్బు వచ్చింది, కొందరికి పోయింది.

అమెరికా కాపీరైటు చట్టం 1909లో తిరగవ్రాయబడింది. దానిప్రకారం సొత్తు అనేది కాగితం మీది రచనకే. ధ్వనిముద్రణకు దేశవ్యాప్తమైన రక్షణ 1972వరకు లేదు. రికార్డు ఒక్కింటికి ఒక్కో పాటకు 2 సెంట్ల చొప్పున కంపెనీ చెల్లించాలి. ఆ సొమ్ము కాపీరైటు కలవాడికి పోతుంది. అది సాధారణంగా ప్రచురణకర్త. అతడు ఒప్పందాన్ని బట్టి రచయితకు పంచుతాడు. వాయించినవాడికి ఆనాటి కూలి, అంతే. బ్రేకులో అతడు కల్పించిన రెండు బార్లు ఎంత ప్రసిద్ధమైనా అతడివి కావు. రికార్డు మీది వాద్యాల కూర్పు కూడ ఎవరి సొత్తూ కాదు.

న్యాయస్థానం చూపు ఎలా ఉండేదో 1917నాటి వ్యాజ్యం ఒకటి తెలుపుతుంది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బాండ్ అనే తెల్లజాతి మేళం విక్టర్ కంపెనీకి మొట్టమొదటి జాజ్ రికార్డు చేసింది. అందులోని 'లివరీ స్టేబుల్ బ్లూస్' పాట హక్కుకోసం సంగీతకారులు కొట్టుకుని షికాగో ఫెడరల్ కోర్టుకు పోతే, ఉభయులకూ హక్కు లేదని న్యాయమూర్తి కొట్టివేశాడు. ఈ మేళనాయకుడు నిక్ లరోకా, జాజ్‌ను తెల్లవారే కనిపెట్టారని తర్వాత జీవితాంతం వాదించాడు. నల్లజాతి మేళాలు ఆ పాటికే ఏళ్ళతరబడి వాయిస్తున్న పద్ధతి చరిత్రలోకి తెల్లముఖంతో ప్రవేశించింది.

మోర్టన్ చేసిన పనిని ఈ వెలుగులో చూడాలి. ఆయన కాగితం విలువ తెలుసుకున్నవాడు. అందుకే పాటలు వ్రాసి అచ్చువేయించాడు. షికాగోలో మెల్‌రోజ్ సోదరులు అనే తెల్లజాతి ప్రచురణకర్తలు 1923నుంచి ఆయన రచనలను తీసుకున్నారు. విక్టర్‌తో బేరం కుదరడంలోనూ వారి చెయ్యి ఉన్నది. మోర్టన్ రికార్డులు వారికి అచ్చుపాటల ప్రకటనలు. మాటలు అక్కరలేని వాద్యరచనలకు వాల్టర్ మెల్‌రోజ్ మాటలు వ్రాసి, వాటిలో సహరచయితగా తన పేరు చేర్చుకున్నాడు. పేరు చేరితే వాటా చేరుతుంది. అంటే కాగితం ఎక్కడం చాలలేదు. కాగితం ఎవరి బీరువాలో ఉన్నదన్నది తేలవలసిన ప్రశ్న.

1930లో విక్టర్ ఒప్పందం ముగిసింది. కంపెనీ తిరిగి వ్రాసుకోలేదు. ఆర్థికమాంద్యం వచ్చి రికార్డుల అమ్మకం కూలిపోయింది. ఆర్మ్‌స్ట్రాంగ్ తెరచిన బాట, అంటే ఒక మహావాద్యకారుడు ముందుకువచ్చి విడిగా వాయించడం, తర్వాతి తరానికి రాజమార్గం అయింది. పెద్ద మేళాలకు వ్రాసే కొత్త రచయితలు వచ్చారు. మోర్టన్ పాతవాడైపోయాడు. సరిగ్గా అప్పుడే, 1935లో, బెన్నీ గుడ్‌మన్ మేళం మోర్టన్ రచన 'కింగ్ పోర్టర్ స్టాంప్'ను ఫ్లెచర్ హెండర్సన్ కూర్పుతో రికార్డు చేసింది. స్వింగ్ యుగానికి అది జెండాపాట అయింది. రేడియోలో పాట మోగినప్పుడల్లా రచయితలకు డబ్బు వసూలు చేసే సంఘం 1914నుంచీ ఉన్నది. మోర్టన్‌కు అందులో సభ్యత్వం దొరికింది 1939లో. అప్పటికి ఆయన వాషింగ్టన్‌లో చిన్న మద్యశాలలో పియానో వాయిస్తూ, 1938లో అక్కడే కత్తిపోటు తిని, ఆరోగ్యం చెడి ఉన్నాడు. 1941 జులై 10న లాస్ ఏంజిల్స్‌లో చనిపోయాడు. 1950లో అభిమానుల సంఘం ఒకటి రాయి వేయించేవరకు ఆయన సమాధిమీద పేరు లేదు.

6

ఇంత చెప్పి మోర్టన్‌ను అమరవీరుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. 1938లో ఆయన పత్రికకు ఉత్తరం వ్రాసి, 1902లో జాజ్‌ను తానే కనిపెట్టానన్నాడు. ఇది నిలబడే మాట కాదు. ఏ ఒక్కరూ దానిని కనిపెట్టలేదు; బడీ బోల్డెన్ వంటివారు రికార్డు ఒక్కటీ మిగల్చకుండానే అప్పటికే వాయిస్తున్నారు. తనకంటె నల్లని చర్మం కలవారిమీద మోర్టన్‌కు క్రియోల్‌ల పాత చిన్నచూపు కూడ ఉండేది. పంటిలో వజ్రం పొదిగించుకున్న ఈ మనిషి కోరింది చిన్న యజమాని కావడం. కార్మికవర్గ విముక్తి ఆయన లెక్కలో లేదు. చట్టం చేత కులం పోగొట్టుకున్న మధ్యతరగతివాడి అహంకారమూ, భయమూ ఆయన మాటలలో పక్కపక్కన వినిపిస్తవి.

అయినా ఆ డంబాన్ని చూచి నవ్వి ఊరుకోవడం తప్పు. నీవు చేసినది పని కాదు, నీ రక్తంలో ఉన్నది పొంగింది అని లోకమంతా అంటుంటే, కాదు, నేను ఆలోచించి చేశాను అని చెప్పడానికి ఆయనకు దొరికిన భాష అది. 1938 మే నెలలో జానపదసాహిత్య సంగ్రాహకుడు అలాన్ లోమాక్స్ ఆయనను వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పియానో ముందు కూర్చోబెట్టి, ఎనిమిది గంటలకు పైగా పాటా మాటా రికార్డు చేశాడు. అక్కడ మోర్టన్ వట్టి కబుర్లు చెప్పలేదు. బ్రేక్ అంటే ఏమిటో, రిఫ్ అంటే ఏమిటో, ఎడమచేతిలో స్పానిష్ లయ ఎలా కలపాలో వాయించి చూపుతూ పాఠం చెప్పాడు. చివరి సంవత్సరాలలో పెద్ద మేళానికి ఆయన వ్రాసిపెట్టిన కొత్త రచనలు మరణించిన తర్వాత కాగితాలలో దొరికినవి. అందులో ఒకదాని పేరు 'గంజాం'. మన గంజాం జిల్లా గుర్తుకు రాకమానదు. కాని పేరు పోలికను పట్టుకుని చరిత్ర అల్లరాదు. కాలం వెలివేసిన తర్వాత కూడ ఈ మనిషి వ్రాస్తూనే ఉన్నాడన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం.

మోర్టన్ పేరు నిలిచింది. మిగిలిన ఆరుగురి మాట ఏమిటి? మిచెల్ 1930 తర్వాత సంగీతవృత్తి మాని బాంకులో చిన్న ఉద్యోగంలో చేరాడు. ఓరీ కాలిఫోర్నియాలో కోళ్ళు పెంచుకుని బతికాడు. 1940 తర్వాత పాత జాజ్‌మీద మోజు తిరిగిరాగా మళ్ళీ ట్రాంబోన్ పట్టాడు. సెంట్ సిర్ న్యూ ఆర్లియన్స్‌కు తిరిగిపోయి తాపీపని చేసుకున్నాడు. హిలేర్ 1935లో చనిపోయాడు. 'బ్లాక్ బాటమ్ స్టాంప్' మోర్టన్ రచన అన్న మాట నిజమే. కాని నాలుగవ చుట్టులో మిచెల్ కార్నెట్ లేకుండా, అయిదవ చుట్టులో సెంట్ సిర్ బాంజో లేకుండా అది కాగితం మాత్రమే. కంపెనీ మోర్టన్ వాటా తగ్గించింది. ఆనాటి చట్టం ఈ ఆరుగురికి వాటా అన్నదే లేదన్నది. రెండవ అన్యాయం గూర్చి మోర్టన్ కూడ ఫిర్యాదు చేయలేదు.

7

ఈ చరిత్రనుంచి విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ నేను చెప్పదలచిన మాట ఇది. ప్రజాకళ సహజంగా పుడుతుంది అన్నప్పుడు మనం ప్రజలను పొగుడుతున్నామనుకుంటాము. కాని చెట్టు కాయ కాచినందుకు చెట్టుకు ఎవరూ కూలి ఇవ్వరు. ప్రచురణకర్తకు కావలసిందీ అదే. నల్లవాడి సంగీతం ప్రకృతి అయితే దానిని కోసుకుపోవచ్చు; పని అయితే ధర చెల్లించాలి. భావవాద విమర్శకుడి మెచ్చుకోలూ, వ్యాపారి చిట్టా ఈ ఒక్కచోట చక్కగా సరిపోయినవి.

ప్రజల సామూహిక ప్రతిభను నేను కాదనడం లేదు. న్యూ ఆర్లియన్స్ వీధులు లేనిదే మోర్టన్ లేడు. అయితే సమూహం అంటే పేరులేని గుంపు కాదు. ఎవడు ఎవడి దగ్గర నేర్చుకున్నాడు, ఎన్నాళ్ళు సాధన చేశాడు, సాధనకు కూలి ఎవరు ఇచ్చారు, కాగితం మీద ఎవరి పేరు పడింది, పాట పాతబడిన తర్వాత అతడు ఏమి చేసి బతికాడు — ఏ మేళం గూర్చి వ్రాసినా, ఏ దేశపు జానపదకళ గూర్చి వ్రాసినా, ఈ ప్రశ్నలకు జవాబులు వెతకనిదే అది చరిత్ర అనిపించుకోదు. 1926నాటి ఆ మూడు నిమిషాల రికార్డు ఈనాటికీ దొరుకుతుంది. ఈసారి వినేటప్పుడు ఎవరి రక్తం ఎంత వేడిగా ఉన్నదని కాక, అయిదవ చుట్టులో బాంజో ప్రవేశించడానికి ముందు మేళం ఎలా తప్పుకున్నదో గమనించమని కోరుతున్నాను. ఆ చోటు చేయడం కోసం ఏడుగురు మనుషులు రోజుల తరబడి కూర్చుని సాధన చేశారు.